చివరిసారి ఎప్పుడు తిన్నారు?

అందరికీ నమస్కారం. మెడిసిన్ మొదటి ఏడాది వాళ్లు, నర్సింగ్ వాళ్లు, ల్యాబ్ వాళ్లు కలిసి కూర్చున్నారు కాబట్టి అందరికీ పనికొచ్చే విషయమే ఎంచుకున్నాను. బయోకెమిస్ట్రీ అనగానే మీ కళ్లముందు ఒక పెద్ద చార్టు మెదులుతుంది. వందల బాణాలు, నోరు తిరగని ఎంజైమ్ పేర్లు, పరీక్ష రాయగానే మర్చిపోయే సైకిళ్లు. ఆ చార్టులో అన్నీ ఉంటాయి, టైమ్ ఒక్కటే ఉండదు. ఏ దారి ఏ వేళకు తెరుచుకుంటుందో, ఏది ఎప్పుడు మూసుకుంటుందో అందులో కనబడదు. రోగి మంచం పక్కన నిలబడినప్పుడు మాత్రం మనకు ముందుగా కావలసింది అదే. అందుకని ఈ రోజు ఒకే ప్రశ్న పట్టుకుని మాట్లాడతాను. తిని ఎంతసేపైంది? ఈ ప్రశ్నకు జవాబు సరిగ్గా రాబడితే జీవక్రియ జబ్బుల్లో సగం దారి అక్కడే తేలిపోతుంది.

ముందు ఒక చిన్న లెక్క చేద్దాం. పెద్దవాళ్ల ఒంట్లో సుమారు ఐదు లీటర్ల రక్తం ఉంటుంది. పరగడుపున డెసిలీటరుకు 90 మిల్లీగ్రాముల గ్లూకోజ్ ఉందనుకోండి. మొత్తం ఎంత? నాలుగున్నర గ్రాములు. అంతే, ఒక టీస్పూను చక్కెర. ఇప్పుడు ఖర్చు చూడండి. మెదడు బరువు ఒంటి బరువులో వందకు రెండు వంతులే, కానీ కదలకుండా కూర్చున్నప్పుడు కూడా మొత్తం శక్తిలో ఐదో వంతు అదే వాడుకుంటుంది. రోజుకు 120 గ్రాముల గ్లూకోజ్, అంటే గంటకు ఐదు గ్రాములు. దానికి తోడు ఎర్ర రక్తకణాలు. వాటిలో మైటోకాండ్రియా ఉండవు, గ్లూకోజ్ తప్ప వేరే ఇంధనం వాటికి చేతకాదు. అంటే ఎక్కడి నుంచీ కొత్త గ్లూకోజ్ రాకపోతే, రక్తంలో ఉన్నదంతా మెదడు ఒక్కటే గంటలోపు ఖాళీ చేసేస్తుంది. అయినా రాత్రి తిని పడుకున్నవాళ్లు పొద్దున హాయిగా లేస్తున్నారు, షుగర్ చూస్తే అదే 90 ఉంటోంది. రాత్రంతా గంటగంటకూ ఆ టీస్పూను ఎవరో నింపుతూనే ఉండాలి కదా! ఆ పని కాలేయానిది.

తిన్న తర్వాత మొదటి మూడు నాలుగు గంటలు కాలేయానికి ఆ చింత లేదు. పేగు నుంచి గ్లూకోజ్ వస్తూ ఉంటుంది, ఇన్సులిన్ పెరుగుతుంది. కండరం, కొవ్వు కణాల మీదికి గ్లట్-4 అనే ద్వారాలు వచ్చి గ్లూకోజ్‌ని లోపలికి తీసుకుంటాయి. కాలేయం తన వంతు గ్లూకోజ్‌ని గొలుసులుగా కట్టి గ్లైకోజెన్ రూపంలో దాచుకుంటుంది. ఆ వేళ వచ్చే ఇబ్బందులు వేరే జాతివి. ఒంటికి ఏదో అందక వచ్చేవి కావు, తిన్నదాంట్లోని పదార్థం ముందుకు సాగక విషమై పేరుకోవడం వల్ల వచ్చేవి. పుట్టిన బిడ్డకు పాలు మొదలుపెట్టిన రోజుల్లోనే కామెర్లు, వాంతులు, కాలేయం ఉబ్బడం, కంటిలో శుక్లం కనబడితే గెలాక్టోసీమియా, అంటే పాల నుంచి వచ్చే గెలాక్టోజ్ అనే చక్కెర ఒంట్లో ముందుకు సాగని జబ్బు అని అనుమానించాలి. ల్యాబ్ వాళ్లు ఇక్కడ ఒకటి గుర్తుపెట్టుకోండి. మామూలు మూత్రం స్ట్రిప్ మీద ఉండే ఎంజైమ్ గ్లూకోజ్‌ని మాత్రమే గుర్తుపడుతుంది, గెలాక్టోజ్‌ని పట్టదు. స్ట్రిప్ నెగటివ్ వచ్చి, గెలాక్టోజ్‌ని కూడా పట్టే బెనెడిక్ట్ పరీక్ష పాజిటివ్ వస్తే ఆ తేడాని వదిలేయకండి, వెంటనే డాక్టరుకు చెప్పండి.

ప్రొటీన్ నుంచి వచ్చే అమోనియాని యూరియాగా మార్చే దారి, అంటే యూరియా సైకిల్‌లో లోపాలూ ఈ గుంపులోవే. కడుపులో ఉన్నన్నాళ్లూ బిడ్డ అమోనియాని తల్లి శరీరమే తీసేస్తుంది. అందుకే బిడ్డ చక్కగా పుడుతుంది. ఒకటి రెండు రోజులు పాలు తాగాక మందకొడిగా మారుతుంది, పాలు పట్టదు, ఊపిరి వేగం పెరుగుతుంది. అందరూ ఇన్ఫెక్షన్ అనుకుంటారు. ఇన్ఫెక్షన్‌కి చికిత్స మొదలుపెట్టండి, తప్పులేదు. దాంతోపాటే అమోనియా పరీక్షకు కూడా రక్తం పంపండి. ఆ నమూనా ఐస్‌లో పెట్టి, ఆలస్యం లేకుండా ల్యాబ్‌కి చేరాలి. బల్ల మీద పడి ఉన్న ట్యూబులో అమోనియా దానంతట అదే పెరిగిపోతుంది, ఆ అంకెని నమ్మలేం.

ఇక నాలుగు గంటలు దాటాయి. పేగు ఖాళీ. ఇన్సులిన్ తగ్గింది, దానికి ఎదురు పనిచేసే గ్లూకగాన్ అనే హార్మోన్ పెరిగింది. కాలేయంలో సుమారు 100 గ్రాముల గ్లైకోజెన్ ఉంది, అది కరగడం మొదలవుతుంది. కండరాల్లో అంతకు మూడు నాలుగు రెట్లు ఉంది. మరి కండరంలోది ఎందుకు పనికిరాదు? గ్లైకోజెన్ విడిపోయాక ముందుగా వచ్చేది గ్లూకోజ్-6-ఫాస్ఫేట్. ఫాస్ఫేట్ అంటుకుని ఉన్నంతసేపూ అది కణం గోడ దాటలేదు. ఆ ఫాస్ఫేట్‌ని ఊడదీసే గ్లూకోజ్-6-ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ కాలేయంలో, కిడ్నీలో ఉంటుంది, కండరంలో ఉండదు. కాబట్టి కండరంలోని గ్లైకోజెన్ కండరానికే పరిమితం.

ఆ ఒక్క ఎంజైమ్ కాలేయంలో కూడా లేకపోతే ఏమవుతుందో ఆలోచించండి. గ్లైకోజెన్ కరిగినా గ్లూకోజ్ బయటికి రాదు. అమైనో ఆమ్లాల నుంచి, లాక్టేట్ నుంచి కొత్తగా గ్లూకోజ్ తయారుచేసే దారి కూడా చివరికి ఈ మెట్టు మీదుగానే పోవాలి కాబట్టి అదీ మూసుకుపోయినట్టే. ఇదే వాన్ గీర్కే జబ్బు. పాలు తాగిన మూడు నాలుగు గంటలకే బిడ్డకు షుగర్ పడిపోతుంది. రాత్రిపూట నిద్ర కాస్త పొడుగైతే ఫిట్స్ వస్తాయి. బయటికి పోలేని గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ కణంలోనే పేరుకుని, గ్లూకోజ్‌ని విరిచే గ్లైకాలిసిస్ దారి పట్టి లాక్టేట్‌గా మారుతుంది. గ్లైకోజెన్‌తో, కొవ్వుతో కాలేయం పొట్టంతా ఆక్రమిస్తుంది. యూరిక్ ఆమ్లం, ట్రైగ్లిసరైడ్లు కూడా పెరుగుతాయి. షుగర్ తక్కువ, లాక్టేట్ ఎక్కువ, పెద్ద కాలేయం, తిన్న నాలుగు గంటలకే ఇబ్బంది. ఈ నాలుగూ కలిసి కనబడితే చార్టులో ఏ మెట్టు విరిగిందో ఇట్టే చెప్పేయొచ్చు.

1952లో కార్ల్ కోరీ, గెర్టీ కోరీ దంపతులు ఇలాంటి పిల్లల కాలేయంలో ఈ ఎంజైమ్ లేదని నిరూపించారు. పుట్టుకతో వచ్చే జీవక్రియ లోపాల్లో ఫలానా ఎంజైమ్ లేకపోవడమే కారణం అని ప్రత్యక్షంగా చూపించిన తొలి సందర్భాల్లో అది ఒకటి. అప్పటికే 1947లో ఆ దంపతులకు నోబెల్ వచ్చింది, వైద్య విభాగంలో ఆ బహుమతి అందుకున్న తొలి మహిళ గెర్టీ కోరీ. చికిత్స మాత్రం చాలా ఏళ్ల తర్వాత గానీ తేలిక కాలేదు. 1980లలో ఉడికించని కార్న్‌స్టార్చ్ నీళ్లలో కలిపి ఇవ్వడం మొదలైంది. పచ్చి స్టార్చ్ పేగులో నెమ్మదిగా అరుగుతుంది, గంటల తరబడి కొంచెం కొంచెంగా గ్లూకోజ్ వదులుతుంది. ఉడికిస్తే ఆ గుణం పోతుంది, తొందరగా అరిగిపోతుంది. తల్లిదండ్రులకు ఈ ముక్క ఒకటికి రెండుసార్లు చెప్పాలి. మంచి ఉద్దేశంతోనే వేడి చేసి పట్టే ప్రమాదం ఉంది.

ఇక్కడే షుగర్ వ్యాధి గురించి ఒక మాట. టైప్-2 ఉన్నవాళ్లు మిమ్మల్ని తప్పకుండా అడుగుతారు: "రాత్రి ఏమీ తినలేదు డాక్టరుగారూ, పొద్దున చూస్తే 160 ఉంది. ఎలా వచ్చింది?" చాటుగా తిన్నారేమో అని వాళ్లని అనుమానించకండి. ఆ గ్లూకోజ్ కాలేయం తయారుచేసి పంపింది. మామూలుగా కొద్దిపాటి ఇన్సులిన్ ఉన్నా కాలేయం జోరు తగ్గుతుంది. ఇన్సులిన్ మాట వినడం మానేసిన కాలేయం రాత్రంతా అవసరానికి మించి గ్లూకోజ్ వదులుతూనే ఉంటుంది. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మందు ప్రధానంగా ఈ తయారీనే తగ్గిస్తుంది. పరగడుపు షుగర్ అంటే నిన్న ఏం తిన్నామో చెప్పే అంకె అని చాలామంది అనుకుంటారు. చాలా వరకు అది రాత్రి కాలేయం ఏం చేసిందో చెప్పే అంకె. ఈ ఒక్క వాక్యం వాళ్లకు అర్థమయ్యేలా చెబితే ఎంత అపరాధ భావం తగ్గుతుందో మీరే చూస్తారు.

సరే, పన్నెండు గంటలు, పద్దెనిమిది గంటలు దాటాయి. గ్లైకోజెన్ అడుగంటుతోంది. ఒక రోజు గడిచేసరికి దాదాపు అయిపోతుంది. ఇప్పుడు భారమంతా కొత్త గ్లూకోజ్ తయారీ మీద, అంటే గ్లూకోనియోజెనిసిస్ మీద పడుతుంది. ముడిసరుకు లాక్టేట్, గ్లిసరాల్, కండరం కరిగించగా వచ్చే అమైనో ఆమ్లాలు. కొవ్వు ఆమ్లాల నుంచి గ్లూకోజ్ చేయలేమా అని ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అడుగుతారు. చేయలేం. కొవ్వు ఆమ్లం విరిగి అసిటైల్ కో-ఏ అవుతుంది. గ్లూకోజ్ విరిగితే వచ్చే పైరువేట్ అసిటైల్ కో-ఏగా మారే మెట్టు మన ఒంట్లో వెనక్కి తిరగదు. అంత మాత్రాన గ్లూకోజ్ తయారీలో కొవ్వుకి పాత్ర లేదనుకోకండి. రెండు పైరువేట్ల నుంచి ఒక గ్లూకోజ్ చేయాలంటే ఆరు ఏటీపీలకు, అంటే కణంలో శక్తిని మోసే ఆరు అణువులకు సమానమైన శక్తి ఖర్చవుతుంది. ఆ ఖర్చంతా కొవ్వు దహనం నుంచే వస్తుంది. ఏటీపీ అంటే గుర్తొచ్చింది, దాన్ని కండరంలో కనుగొన్నది 1929లో. కార్ల్ లోమన్ ఒకపక్క, సైరస్ ఫిస్కేతో కలిసి మన యల్లాప్రగడ సుబ్బారావు మరోపక్క. రక్తంలో ఫాస్ఫరస్ కొలవడానికి ఆ ఇద్దరూ 1925లో ఇచ్చిన పద్ధతి వాళ్ల పేర్లతోనే ల్యాబుల్లో దశాబ్దాల పాటు నడిచింది.

కొవ్వు చేసే రెండో మేలు, అసిటైల్ కో-ఏ పెరిగితేనే గ్లూకోజ్ తయారీలో మొదటి ఎంజైమ్ అయిన పైరువేట్ కార్బాక్సిలేజ్ చురుగ్గా పనిచేస్తుంది. అంటే కొవ్వు కాలడం ఆగిపోతే ముడిసరుకు పక్కనే ఉన్నా గ్లూకోజ్ తయారు కాదు. ఈ సంగతి మంచం పక్కన ఎలా కనబడుతుందో ఒక ఉదాహరణ చూద్దాం.

పద్నాలుగు నెలల పాప అనుకోండి. నిన్నటిదాకా ఆటలాడింది. సాయంత్రం జ్వరం, రెండు వాంతులు. రాత్రి పాలు తాగలేదు, నిద్రపోతోంది కదా అని అమ్మ లేపలేదు. పొద్దున ఎంత పిలిచినా కళ్లు తెరవడం లేదు. వేలు గుచ్చి చూస్తే షుగర్ 32. మూత్రంలో కీటోన్లు, అంటే కొవ్వు కాలినప్పుడు కాలేయం తయారుచేసే పదార్థాలు చూస్తే లేవు, లేదా ఉండీ లేనట్టు ఉన్నాయి. ఇక్కడ ఆగండి. పసిపిల్లలు పన్నెండు గంటలు ఏమీ తినకపోతే మూత్రం స్ట్రిప్ మీద కీటోన్లు ముదురు రంగులో కనబడాలి. షుగర్ 32కి పడిపోయినప్పుడు కీటోన్లు లేకపోవడం సహజం కానే కాదు. కొవ్వు కాలడం లేదు, లేదా ఇన్సులిన్ ఎక్కువై కొవ్వుని బయటికే రానివ్వడం లేదు. మొదటి దానిలో అందరికంటే ఎక్కువగా కనబడేది ఎంక్యాడ్ లోపం, మధ్యస్థ పొడవున్న కొవ్వు ఆమ్లాలను విరిచే ఎంజైమ్ లేకపోవడం. ఆ పాపకు అంతకుముందు ఏ లోపమూ కనబడదు. మూడు గంటలకోసారి పాలు తాగినన్నాళ్లూ ఆ ఎంజైమ్ అవసరమే రాలేదు. ఒక్క రాత్రి ఆకలితో గడిచేసరికి బయటపడింది. వాన్ గీర్కేలో నాలుగు గంటలు, ఇక్కడ పన్నెండు గంటలు. టైమ్ ఎందుకు అడగాలో ఇప్పుడు తెలిసింది కదా.

కీటోన్ల గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడాలి, ఎందుకంటే వీటికి అన్యాయంగా చెడ్డపేరు వచ్చింది. ఉపవాసం సాగినకొద్దీ కాలేయం కొవ్వు ఆమ్లాల నుంచి ఎసిటోఎసిటేట్, బీటా-హైడ్రాక్సీబ్యూటిరేట్ తయారుచేసి రక్తంలోకి పంపుతుంది. వండి అందరికీ వడ్డించేదే గానీ తాను తినదు, ఎందుకంటే కీటోన్లని తిరిగి ఇంధనంగా మార్చే ఎంజైమ్ కాలేయంలో లేదు. గుండె, కండరం, మెదడు వాడుకుంటాయి. 1967లో జార్జ్ కాహిల్ బృందం ఐదారు వారాలు వైద్యుల పర్యవేక్షణలో ఉపవాసమున్న స్థూలకాయుల మెదడుకి వెళ్లే రక్తం, అక్కడి నుంచి తిరిగొచ్చే రక్తం రెండూ పరీక్షించింది. మెదడు ఇంధనంలో ఎక్కువ భాగం కీటోన్లే అని తేలింది. అప్పటిదాకా మెదడుకి గ్లూకోజ్ తప్ప గతిలేదనే నమ్మకం ఉండేది.

అది ఎంత పెద్ద విషయమో లెక్క వేస్తే తెలుస్తుంది. మెదడుకి రోజూ 120 గ్రాముల గ్లూకోజ్ ప్రొటీన్ నుంచే చేయాల్సి వస్తే రోజుకు 200 గ్రాముల పైన ప్రొటీన్ కరగాలి. కండరంలో వందకు ఇరవై వంతులే ప్రొటీన్, మిగతాది చాలావరకు నీరు. అంటే రోజుకు సుమారు కిలో కండరం! రెండు మూడు వారాల్లో ఊపిరి తీసుకునే కండరాలకే బలం ఉండదు. కీటోన్లు మెదడు భారం పంచుకోవడం వల్ల రోజుకు కరిగే ప్రొటీన్ మొదట్లో 75 గ్రాములున్నది, కొన్ని వారాలకు 20 గ్రాములకు దిగుతుంది. ఆకలి కాలాల్లో మనిషి వారాల తరబడి బతికి బయటపడ్డాడంటే కీటోన్ల చలవే.

మరి అవే కీటోన్లు టైప్-1 షుగర్‌లో ప్రాణం మీదికి ఎందుకు తెస్తాయి? ఉపవాసంలో ఇన్సులిన్ తగ్గుతుంది గానీ సున్నాకి రాదు. ఆ కాస్త ఇన్సులిన్ కొవ్వు కరిగే వేగాన్ని అదుపులో ఉంచుతుంది. టైప్-1లో ఆ కాస్త కూడా లేదు. కొవ్వు కణాలు హద్దు లేకుండా కొవ్వు ఆమ్లాలు వదులుతాయి, కాలేయం హద్దు లేకుండా కీటోన్లు చేస్తుంది, రక్తం ఆమ్లమవుతుంది, పీహెచ్ 7.3 కిందికి పడిపోతుంది. దీన్నే కీటోఅసిడోసిస్ అంటారు. చుట్టూ గ్లూకోజ్ పొంగిపొర్లుతున్నా శరీరం మాత్రం పస్తున్నట్టే ప్రవర్తిస్తుంది. ఆమ్లాన్ని కార్బన్ డయాక్సైడ్ రూపంలో బయటికి నెట్టడానికి లోతుగా, ఆగకుండా ఊపిరి తీస్తారు. అడాల్ఫ్ కుస్మాల్ ఈ ఆయాసాన్ని 1874లోనే వర్ణించాడు. ఊపిరితిత్తుల్లో తేడా లేకుండా ఇలా ఊపిరి తీస్తుంటే షుగర్ చూడండి, కీటోన్లు చూడండి.

1922 జనవరిలో టొరంటోలో లియోనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ల అబ్బాయికి ఇన్సులిన్ ఇచ్చారు. మొదటి ఇంజెక్షన్‌తో పెద్ద ఫలితం రాలేదు. ఇన్సులిన్ బృందంలోని జేమ్స్ కాలిప్ ఆ మందుని ఇంకా శుద్ధి చేశాక, అదే నెల 23న మళ్లీ ఇచ్చారు. షుగర్ దిగింది, మూత్రంలో కీటోన్లు పోయాయి. ఆ అబ్బాయి ఇంకో పదమూడేళ్లు బతికాడు.

ఇప్పుడు వార్డులో జరిగే రెండు విషయాలు, దయచేసి రాసుకోండి. ఒకటి పొటాషియం. కీటోఅసిడోసిస్‌తో వచ్చినవాళ్ల రక్తంలో పొటాషియం మామూలుగానో ఎక్కువగానో కనబడుతుంది. నిజానికి ఒంట్లో మొత్తం మీద లోటుంటుంది, మూత్రంలో బోలెడు పోయి ఉంటుంది. ఇన్సులిన్ ఇవ్వగానే రక్తంలో ఉన్నది కణాల్లోకి దూరుతుంది. ముందే తక్కువున్నవాళ్లకు సరిచేయకుండా ఇన్సులిన్ ఇస్తే గుండె లయ తప్పుతుంది. రెండోది, షుగర్ 250కి దిగగానే ఇన్సులిన్ ఆపేయాలన్న తొందర. ఆపకూడదు. మనం ఇన్సులిన్ ఇస్తున్నది కీటోన్లు ఆపడానికి. షుగర్ దిగితే సెలైన్‌కి గ్లూకోజ్ కలపండి, ఇన్సులిన్ నడవనివ్వండి.

సభలోంచి ఒకరు అడుగుతున్నారు, చికిత్స మొదలయ్యాక మూత్రంలో కీటోన్లు తగ్గకపోగా పెరుగుతాయి ఎందుకని. మంచి ప్రశ్న. మూత్రం స్ట్రిప్ ఎసిటోఎసిటేట్‌ని మాత్రమే చూపిస్తుంది. జబ్బు తీవ్రంగా ఉన్నప్పుడు ఎక్కువ ఉండేది బీటా-హైడ్రాక్సీబ్యూటిరేట్, దాన్ని ఈ స్ట్రిప్ చూడలేదు. మనిషి కోలుకుంటుంటే అది ఎసిటోఎసిటేట్‌గా మారుతుంది, స్ట్రిప్ రంగు ఇంకా ముదురుతుంది. చూసినవాళ్లకు టెన్షన్. వీలున్న చోట రక్తంలో బీటా-హైడ్రాక్సీబ్యూటిరేట్ కొలవండి. లేకపోతే పీహెచ్, బైకార్బొనేట్, యానయాన్ గ్యాప్ (రక్తంలో విడిగా కొలవని ఆమ్లాల అంచనా) చూసి నిర్ణయించండి, స్ట్రిప్ రంగుని బట్టి వద్దు.

ఇంకో ప్రశ్న, ఆ పద్నాలుగు నెలల పాపకు ఏం చేయాలి అని. ముందు ప్రాణం, వెంటనే గ్లూకోజ్. కానీ నరం దొరకగానే, గ్లూకోజ్ ఎక్కించేముందు, కొంచెం రక్తం తీసి పక్కన పెట్టండి. గ్లూకోజ్, కీటోన్లు, కొవ్వు ఆమ్లాలు, లాక్టేట్, ఇన్సులిన్, కార్టిసోల్, అమోనియా, ఎసైల్‌కార్నిటిన్లు (కొవ్వు ఆమ్లాలు ఎక్కడ విరగకుండా ఆగాయో చెప్పే ఆనవాళ్లు) దాంట్లోంచే చూడొచ్చు. నరం కోసం గుచ్చినప్పుడు ఎలాగూ వచ్చే రక్తమే, చికిత్స ఆలస్యం కాదు. తర్వాత వచ్చిన మొదటి మూత్రం కూడా దాచండి. కొవ్వు ఆమ్లాలు ఎక్కువుండి కీటోన్లు లేకపోతే కొవ్వు దహనంలో లోపం. రెండూ లేకపోతే ఇన్సులిన్ ఎక్కువైంది. లాక్టేట్ బాగా ఎక్కువుంటే గ్లూకోజ్ తయారీ దారిలో చూడాలి. షుగర్ మామూలు స్థాయికి వచ్చాక తీసిన రక్తంలో ఈ ఆనవాళ్లు చాలావరకు చెదిరిపోతాయి. మళ్లీ దొరకాలంటే పిల్లని ఇంకోసారి ఆ ప్రమాదంలోకి నెట్టాలి, అది ఎవరూ కోరుకోరు.

ఎంక్యాడ్ అని తేలితే చికిత్స వింటే ఆశ్చర్యపోతారు. ఖరీదైన మందేమీ లేదు. వయసుకు తగ్గ గడువు దాటి పిల్లని ఖాళీ కడుపుతో ఉంచకూడదు. జ్వరమో వాంతులో వచ్చి తినలేకపోతే, షుగర్ పడిపోయేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లి గ్లూకోజ్ సెలైన్ పెట్టించాలి. అర్ధరాత్రి డ్యూటీలో ఎవరున్నా చదివి వెంటనే అమలు చేసేలా ఒక కాగితం రాసి తల్లిదండ్రుల చేతికి ఇవ్వాలి. ఆపరేషన్ కోసం పరగడుపున ఉంచాల్సి వచ్చినా ఆ కాగితం మత్తు డాక్టరుకు చూపించాలి. తల్లిదండ్రులిద్దరిలో ఒక్కో మార్పు చెందిన జన్యువు ఉంటేనే ఇది వస్తుంది కాబట్టి ఆ పాప తోబుట్టువుల్లో ప్రతి ఒక్కరికీ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. అన్నయ్య ఆరేళ్లవాడు, ఎప్పుడూ జబ్బు పడలేదు అని తల్లి చెబుతుంది. వాడికీ పరీక్ష చేయించండి.